డ్యాష్‌బోర్డ్ పాలిష్ కొట్టి కీబోర్డులు అమ్మకండి బాబూ

సెకండ్ హ్యాండ్ కీబోర్డు ప్రకటనలో "షోరూమ్ కండిషన్" అన్న మాట కనిపిస్తే చాలు, ఒళ్లు మండుతోంది నాకు. ఫొటోలో తళతళలాడుతుంటుంది. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే రెండు స్వరాలు అసలు పలకవు, ఒకటేమో ఎంత మెల్లగా తాకినా గట్టిగా అరుస్తుంది, వాల్యూమ్ తిప్పితే గరగర. పైనుంచి మాత్రం కారు డ్యాష్‌బోర్డుకి రాసే పాలిష్ వాసన గుప్పుమంటుంది. ఆ జిడ్డుకి వేళ్లు జారిపోతాయి, దుమ్ము రెట్టింపు అంటుకుంటుంది, అది వేరే సంగతి.

అమ్మే ముందు శుభ్రం చేయొద్దని ఎవరూ అనట్లేదు. చేయండి, కానీ లోపలి నుంచి మొదలుపెట్టండి. కొనేవాడు మీ ఇంట్లో నిలబడి స్క్రూలు విప్పి చూడలేడు కదా, అందుకే అక్కడ చేసిన పనికే విలువ ఎక్కువ.

పెళ్లి ఆర్కెస్ట్రాలో తిరిగిన కీబోర్డు ఎప్పుడైనా విప్పి చూశారా? కీల సందుల్లోంచి అక్షింతలు రాలతాయి. నిజంగానే, పసుపు బియ్యం, ఎండిపోయిన బంతిపూల రేకలు, స్టేజీ మీద పొగ మెషీన్ వదిలిన జిడ్డు, ఆ జిడ్డుకి పట్టుకున్న మండపం దుమ్ము. చర్చిలో ఏళ్ల తరబడి మూలన ఉన్నదైతే లోపల బొద్దింకలు కాపురం పెట్టి, పిల్లాపాపలతో సహా ఉంటాయి. కాకినాడ, విశాఖ వైపు నుంచి వచ్చిన వాటికి ఉప్పుగాలికి జాక్ సాకెట్లు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఇదంతా అలాగే ఉంచేసి పైన బట్టతో తుడిచి "నీట్ కండిషన్ బ్రదర్" అంటారు.

ఆ అరిచే కీ సంగతి చెప్తాను. టచ్ ఉన్న మామూలు కీబోర్డుల్లో కీల కింద రబ్బరు పట్టీ ఉంటుంది, ఒక్కో కీకి రెండేసి కార్బన్ చుక్కలు. నొక్కినప్పుడు ఒకటి ముందు, రెండోది రెప్పపాటు తర్వాత బోర్డుకి తగులుతాయి. ఆ రెండింటి మధ్య ఎంత సమయం పట్టిందో చూసి మనం మెల్లగా వాయించామా గట్టిగా వాయించామా అన్నది మెషీన్ లెక్కగడుతుంది. చుక్క కింద దుమ్ము చేరితే ఆ లెక్క తప్పుతుంది, అంతే. పెద్ద రోగమేమీ కాదు. జాగ్రత్తగా విప్పి, పట్టీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో బోర్డు మీది నల్ల గుర్తుల్ని నెమ్మదిగా తుడిచి, బాగా ఆరాక మళ్లీ బిగించడమే. గరుకు కాగితంతో గీకారంటే కార్బన్ పొర లేచిపోతుంది, ఇక ఆ కీకి నీళ్లొదులుకోవాల్సిందే. ఒక పూట పని ఇది. ఆ ఓపిక లేకే పాలిష్ డబ్బా పట్టుకుంటారు.

తుప్పుకి, కిర్రుమనే తలుపులకి కొట్టే మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా కథ ఇంకొకటి. వాల్యూమ్ నాబ్ సందులో కొడితే అప్పటికి గరగర ఆగుతుంది, ఆ కాసేపట్లోనే వీడియో తీసి పెట్టేస్తారు. లోపల మిగిలిన నూనె పొర దుమ్ముని పట్టుకుని మళ్లీ మొదటికొస్తుంది, ఈలోపు అమ్మినాయన ఫోన్ ఎత్తడు. ఎలక్ట్రానిక్స్ కోసమే చేసిన కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, అది వాడితే సరిపోయేదానికి ఎందుకీ తిప్పలు?

థిన్నర్ బ్యాచ్ వేరే. కీబోర్డు మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని దాత పేరు పెయింటుతో రాసి ఉంటే దాన్ని థిన్నర్‌తో రుద్దుతారు. పేరు పోదు, ప్లాస్టిక్ కరిగి అక్కడో మచ్చ పడుతుంది. స్టిక్కరైతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి పీకి, మిగిలిన జిగురుకి కొబ్బరినూనె రాస్తే వచ్చేస్తుంది. పెయింటైతే వదిలేయండి. నాకైతే పేరున్న కీబోర్డే ఇష్టం, ఎక్కడ పనిచేసి వచ్చిందో తెలుస్తుంది.

పాత సరుకు మోజున్న వాళ్లకి ఒక మాట. 1991లో వచ్చిన రోలాండ్ జేడీ-800 లాంటి కీబోర్డుల్లో కీలకి బరువులు అంటించిన ఎర్ర జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పాకంలా కరిగి కిందికి కారుతుంది. బయటికి ఎంత తుడిచినా లోపల ఆ జిగురు కాంటాక్టుల మీదికి దిగుతూనే ఉంటుంది. అమ్మేవాడు దాన్ని తీయించాడా లేదా అన్నదే అసలు ప్రశ్న, పైన గీతలున్నాయా లేవా అన్నది కాదు.

వీణల విషయంలో అయితే అతిశుభ్రమే కొంప ముంచుతుంది. వీణకి తీగల కింద అడ్డంగా 24 మెట్లు, అవన్నీ మైనం మీద కూర్చుని ఉంటాయి. ఒకరింట్లో అటక మీది వీణని అమ్మకానికి పెడదామని తడిబట్టతో తుడిచి, వార్నిష్ కొట్టించి, ఆరడానికి డాబా మీద ఎండలో పెట్టారట. మైనం మెత్తబడి మెట్లు పక్కకి ఒరిగిపోయాయి. నేను వెళ్లేసరికి వీణ మెరుస్తోంది, ఒక్క స్వరం కూడా దాని స్థానంలో లేదు. పొడిబట్టతో దుమ్ము దులిపి ఊరుకుంటే మంచి ధరకే పోయేది, ఇప్పుడు మెట్లన్నీ మళ్లీ పెట్టించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమంటే ముఖం మాడ్చుకున్నారు.

కొనేవాళ్లం మనమూ తక్కువ తినలేదు లెండి. విప్పి శుభ్రం చేసి, "ఒక కీ కొంచెం డల్‌గా ఉంది" అని నిజం రాసినాయన దగ్గర రెండువేలు కోసుకుంటాం, నోరెత్తకుండా పాలిష్ కొట్టినవాడికి అడిగినంతా ఇచ్చి వస్తాం. ఇక వాళ్లు మాత్రం లోపల ఎందుకు తుడుస్తారు?

ఇంకొకటి, అడాప్టర్. పాత క్యాసియోల్లో చాలావాటికి పిన్ను మధ్యలో నెగటివ్, యమహాలకి పాజిటివ్. ఒరిజినల్ పోయిందని చేతికందింది ఇచ్చి పంపకండి, దయచేసి.

వీడియో పెట్టేటప్పుడు ఆ డెమో బటన్ జోలికి వెళ్లకండి. డెమో పాట దానంతటదే మోగుతుంది, కీలన్నీ చచ్చిపోయినా మోగుతుంది, అది చూసి మాకు తెలిసేదేమీ లేదు. ఎడమ చివర నుంచి కుడి చివరదాకా ప్రతి కీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టి, వాల్యూమ్ నాబ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూపించండి. వెనకాల సినిమా పాట వేయకుండా.