పది నిమిషాల ప్రదర్శన చూసి బ్యాండ్ మాస్టారికి మార్కులు వేయకండి

స్కూల్ బ్యాండ్‌లో మొదటి నెల "అందరూ బి ఫ్లాట్ పట్టండి" అంటే పిల్లలకి ఏమీ అర్థం కాదు. ఫ్లూట్, ట్రాంబోన్ వాళ్లకి అది బి ఫ్లాటే. క్లారినెట్, ట్రంపెట్ వాళ్ల కాగితం మీద అదే స్వరం సి అని ఉంటుంది. ఆల్టో శాక్సఫోన్‌కి జి, హార్న్‌కి ఎఫ్. పేర్లు నాలుగు, వినిపించేది ఒకటే స్వరం. మాస్టారు 40 మంది ముందు నిలబడి తాళం వేస్తూనే ఈ లెక్క మనసులో కట్టాలి. తప్పు ఎవరిదో చెవితో పట్టాలి, ఆ పిల్లకి తన కాగితం మీదున్న పేరుతోనే చెప్పాలి. ఇంత చేసే మనిషిని మనం ఏడాదికి రెండుసార్లు స్టేజీ మీద చూసి "పర్లేదు, పోయినేడే బాగుంది" అని తేల్చేస్తాం. నా కోపమంతా ఆ మాట మీదే.

పోయినేడు బాగుందంటే అప్పుడు సీనియర్లు ఉన్నారు. వాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయారు. మౌత్‌పీస్ ఎలా పట్టుకోవాలో తెలియని పిల్లలు వాళ్ల కుర్చీల్లోకి వచ్చారు. లెక్కల్లో ఆరో తరగతి పిల్లవాడినీ పదో తరగతి పిల్లవాడినీ కూర్చోబెట్టి ఒకే పరీక్ష పెట్టం కదా, బ్యాండ్‌లో ప్రతి ఏడూ పెడుతున్నాం.

ఇక టైము సంగతి. పీరియడ్ 45 నిమిషాలే అనుకుందాం. కేసులు తెరిచి, క్లారినెట్, శాక్సఫోన్ మౌత్‌పీస్‌కి బిగించే పల్చటి రెల్లు ముక్కలు (రీడ్లు) తడిపి, స్టాండ్లు సర్దుకునేసరికి 6 పోతాయి. చివర్లో గొట్టాల లోపలి తడి తుడిచి సర్దడానికి ఇంకో 5. వార్మప్‌కి 10 ఇచ్చి తీరాలి: ముందు ఊపిరి, తర్వాత 8 లెక్కల పాటు నిలిపే దీర్ఘస్వరాలు, బ్రాస్ (ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాయిద్యాల) వాళ్లకి వాల్వులు, అంటే వేళ్లతో నొక్కే మీటలు, కదపకుండా పెదవులతోనే స్వరం మార్చే అభ్యాసం, ఒక స్కేలు (స్వరాల వరస). పాటకి మిగిలేది 24 నిమిషాలు. అయినా ఫంక్షన్ రెండు వారాల్లో ఉందనగా ఇంకో పాట కలపమంటారు. అప్పుడు కోత పడేది వార్మప్‌కే.

వార్మప్ ఎగ్గొడితే ఏమవుతుందో చెప్తాను. పెదవి కండరం సిద్ధం కాకముందే పై స్వరాలు కావాలి కాబట్టి పిల్లలు మౌత్‌పీస్‌ని పెదవికేసి అదుముతారు. రక్తం ఆడదు, పావుగంటకే పెదవి మొద్దుబారిపోతుంది. శ్రుతి బాధ వేరే ఉంది. గొట్టంలో గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే శ్రుతి సుమారు 3 సెంట్లు పైకి జరుగుతుంది. అర స్వరానికి 100 సెంట్లు. చల్లటి గదిలో 440 హెర్ట్జ్‌కి సరిచేసుకుని, 7 డిగ్రీలు వేడిగా ఉన్న స్టేజీ ఎక్కితే 20 సెంట్ల దాకా తేడా రావచ్చు. కొట్టి మోగించే గ్లాకెన్‌స్పీల్ లోహపు కడ్డీల శ్రుతి మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అందుకే మంచి మాస్టారు స్టేజీ పక్కన మళ్లీ శ్రుతి చూసుకోవడానికి 5 నిమిషాలు అడుగుతారు. దయచేసి ఇవ్వండి.

ట్రంపెట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల్ని అన్యాయంగా తిట్టేది ఇక్కడే. రెండో వాల్వు అర స్వరం దించుతుంది, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర. ఒక్కో వాల్వుని విడిగా నొక్కితే, అది కలిపే గొట్టం పొడవు సరిపోతుంది. ఒకటికి మించి వాల్వులు కలిపి నొక్కితే అసలు గొట్టమే అప్పటికి పొడవైపోయి ఉంటుంది కనుక, కలిపినది చాలదు. కింది డి, సి షార్ప్ స్వరాల శ్రుతి పైకి పోతుంది. ఆ లోటు పూడ్చడానికే మూడో వాల్వు గొట్టాన్ని బయటికి జరిపే స్లైడ్‌కి వేలి ఉంగరం పెట్టారు. డి కి కొంచెం జరపాలి, సి షార్ప్‌కి ఇంకా ఎక్కువ. కానీ ఏళ్ల తరబడి గ్రీజు పెట్టని స్లైడ్ జరగదు. పిల్లవాడి చెవి బాగానే ఉంది, రిపేరుకి డబ్బు ఇవ్వలేదు, అంతే.

రిపేర్లంటే స్టోర్ రూములో రోజూ జరిగే పని. ట్రంపెట్‌లోకి గాలే పోవట్లేదంటే పది సార్లలో తొమ్మిది సార్లు వాల్వులు తారుమారయ్యో, తిరగబడో ఉంటాయి. మీద అంకెలు చూసి మార్చాలి. ఇరుక్కున్న మౌత్‌పీస్‌ని ప్లయర్స్‌తో తిప్పితే గొట్టమే మెలిపడుతుంది, దానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంది. క్లారినెట్ కీచుమంటే ముందు వేలు రంధ్రాన్ని పూర్తిగా మూసిందా చూడాలి, తర్వాత రీడ్ కొన చిట్లిందా చూడాలి. కొత్తవాళ్లకి 2 లేదా 2½ నంబరు రీడ్, ఒక్కొక్కరి దగ్గర మూడు నాలుగు రీడ్లు ఉండాలి, రోజుకొకటి మార్చి వాడాలి. పుల్లర్, చిన్న స్క్రూడ్రైవర్లు, వాల్వ్ ఆయిల్, స్లైడ్ గ్రీజు, కార్క్ గ్రీజు, రబ్బరు బ్యాండ్లు: ఈ డబ్బా కొనివ్వని యాజమాన్యం కొత్త యూనిఫారాలు కుట్టిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాయిద్యాలు పంచడం కూడా తేలిక కాదు. పిల్లలందరికీ డ్రమ్సో ట్రంపెట్టో కావాలి. 40 మందికి ఫ్లూట్లు 6, క్లారినెట్లు 8, ఆల్టో శాక్సఫోన్లు 4, టెనర్ శాక్సఫోన్ 1, ట్రంపెట్లు 6, హార్న్‌లు 3, ట్రాంబోన్లు 4, యూఫోనియం 1, ట్యూబాలు 2, డ్రమ్స్ వైపు 5 ఉంటే నిలబడుతుంది. బ్రాస్‌లో అన్నిటికంటే కింది స్వరాలు పలికే ట్యూబా లేకుండా 14 ట్రంపెట్లుంటే ఏ మాస్టారూ ఏమీ చేయలేరు, మిగతావాళ్లు చెవి ఆనించడానికి కింద ఆధారస్వరమే ఉండదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మాస్టారి చెవులు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకే గంట. తక్కువ ఎత్తు కప్పున్న గదిలో బ్రాస్ అంతా కలిసి ఊదితే 90 దాటడం మామూలే, అలాంటి పీరియడ్లు రోజుకి ఐదారు. వినికిడి ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల పోతుంది. నొప్పి ఉండదు, అందుకే ఏళ్లకి గానీ తెలియదు. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు పై శబ్దాలనే ఎక్కువగా కోసేస్తాయి కాబట్టి తప్పులు వినబడవు. పై శబ్దాలనూ కింది శబ్దాలనూ సమానంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్గులు కావాలి. ఏడాదికోసారి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) ఖర్చు స్కూలే పెట్టుకోవాలి.

ఈ ఉద్యోగంలోకి వెళ్లాలనుకుంటున్నవాళ్లు జీతం గురించి అడిగే ముందు బ్యాండ్ గది చూపించమనండి. కప్పు ఎత్తు చూడండి, ఒక్క చప్పట్టు కొట్టి ఎంతసేపు మోగుతుందో వినండి. రిపేరు పద్దు ఏడాదికెంతో కాగితం మీద అడగండి. తర్వాత మూలనున్న ట్యూబా కేసు తెరిచి వాల్వులన్నీ నొక్కి చూడండి. అవి కదలకపోతే, దాన్ని బాగుచేయించే తేదీ రాసిచ్చేదాకా సంతకం పెట్టకండి.