ఎల్‌ఐ గారికి మర్యాద

గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేముంది? గుమ్మంలోకి వచ్చినవాణ్ని "ఆయ్, రండి" అని లోపలికి లాగి, భోంచేసి వెళ్లమని బలవంతపెట్టి, పోయేటప్పుడు చేతిలో ఆత్రేయపురం పూతరేకులు పెట్టి పంపే నేల ఇది. అలాంటి నేల మీద వెబ్‌సైట్లు మాత్రం అమర్యాదగా తయారవుతున్నాయన్నదే ఈ వ్యాసకర్త ఆవేదన.

సైట్లు కట్టేవాళ్లు చెప్పేదేంటంటే, జాబితాలో ఒక అంశం (వాళ్ల భాషలో ఎల్‌ఐ) మీద మౌసు బాణం పెడితే (దీన్ని హోవర్ అంటారు) ఆ ఒక్కటే రంగు మారాలట. పక్కవాటికి చీమ కుట్టినట్టయినా ఉండకూడదట. అరుగు మీద నలుగురు కూర్చున్న చోటికి పెద్దాయన వస్తే ఒకడు లేచి, ముగ్గురు కాళ్లూపుకుంటూ కూర్చోవడం ఏ ఊరి పద్ధతండీ?

కడియం వైపు ఓ నర్సరీకి సైటు కట్టిన కుర్రాడు ఈ సంస్కారం తెలిసినవాడు. గులాబీ, మందారం, నూరువరహాలు, క్రోటన్... మొక్కలన్నిటినీ ఒక యూఎల్‌లో, అంటే ఒకే జాబితాలో కూర్చి, బాణమొస్తే రంగు మారాలన్న హోవర్ నియమాన్ని ఆ యూఎల్‌కే తగిలించాడు. బాణం గులాబీ మీదికి రాగానే జాబితా మొత్తం ఆకుపచ్చగా మారిపోయింది. రెండు మొక్కల మధ్య ఖాళీలో పెట్టినా అంతే. యజమాని చూసి, "ఇదేంటి బాబూ, నేను గులాబీని ముట్టుకుంటే తోటంతా సిగ్గుపడతాంది?" అన్నారు. కుర్రాడు భయపడి యూఎల్:హోవర్ తీసేసి ఎల్‌ఐ:హోవర్ అని రాశాడు. ఒక్క మాట మారింది, ఒక సంస్కృతి కూలింది.

అంతకన్నా ఉదారులూ ఉన్నారు. నలభై మొక్కలుంటే నలభై ఐడీలు (వేటి గుర్తుపేరు వాటికి) ఇచ్చి, నలభై హోవర్ నియమాలు విడివిడిగా రాస్తారు. ఎల్‌ఐ:హోవర్ అని ఒక్కసారి రాస్తే ఏ ఎల్‌ఐ మీద బాణముంటే దానికే వర్తిస్తుందని వీళ్లకు చెప్పకండి. పని దొరకని రోజుల్లో పని పుట్టిస్తున్నవాళ్లు.

ఈ రంగు ఎల్‌ఐ దాకా పారడానికి పట్టిన కాలం కూడా తక్కువది కాదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. హోవర్ 1998లోనే సీఎస్‌ఎస్ (పేజీల రంగూ రూపూ చెప్పే భాష) రెండో ప్రమాణంలోకి ఎక్కినా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజరు ఆరో వెర్షన్ దాన్ని లింకులకు తప్ప ఎవరికీ వదల్లేదు. 2006లో ఏడో వెర్షన్ వచ్చాకే ఎల్‌ఐ గారి వంతు వచ్చింది. ఆయన అందాకా ఏం చేశారంటే, జావాస్క్రిప్ట్ అనే మరో భాష దగ్గర చేబదులు తీసుకుని బతికారు.

ఇంతకీ మర్యాద పూర్తిగా చావలేదు. గులాబీ కింద ఎర్ర గులాబీ, పసుపు గులాబీ అని లోపలి జాబితా ఒకటి పెట్టి చూడండి. బాణం ఎర్ర గులాబీ మీద పెడితే దాంతోపాటు తండ్రి గులాబీ కూడా రంగు మారుతుంది. ఇది లోపం కాదు, నియమమే అంత: పిల్లవాడి మీద బాణముంటే అది తండ్రి మీదా ఉన్నట్టే లెక్క. అన్నదమ్ములకు మాత్రం లెక్క లేదు, పసుపు గులాబీ తిరిగి చూడదు. ఉమ్మడి కుటుంబాన్ని ఇంత చక్కగా కాపాడుతున్న చట్టం మరొకటి ఉంటే చూపించండి.

దీన్నీ విడగొట్టే మందులు కనిపెట్టారు. పిల్లల్లో ఎవరి మీదా బాణం లేనప్పుడే తండ్రి రంగు మారాలని :నాట్ (కాకపోతే), :హ్యాజ్ (లోపల ఉంటే) అన్న షరతులు కలిపి రాయొచ్చు. :హ్యాజ్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులోకి 2023 డిసెంబరులో గానీ రాలేదు. రాసినా, పిల్లలు తండ్రి పెట్టెలోనే ఉంటారు కాబట్టి తండ్రికి రంగేసినప్పుడు వాళ్ల వెనకా అదే కనిపిస్తుంది. అందుకే తెలివైనవాళ్లు ఎల్‌ఐ జోలికి పోకుండా, దాని లోపలున్న లింకుని డిస్‌ప్లే బ్లాక్ అన్న ఆదేశంతో వెడల్పు చేసి హోవర్ దానికే పెడతారు. పని జరుగుతుంది. వేరు కాపురమే అనుకోండి.

హోవర్‌లో కొత్తగా బోర్డర్ (చుట్టూ గీత) తగిలిస్తే కింది అంశాలు కాస్త జరుగుతాయి. ముందే పారదర్శకమైన బోర్డర్ పెట్టి దీన్ని ఆపాలంటారు. మనిషొస్తే సర్దుకుని కూర్చోవడం కూడా తప్పేనా?

మౌసు పట్టలేక ట్యాబ్ మీటతో వచ్చేవాళ్లకు :ఫోకస్-విజిబుల్‌లో, అంటే మీటతో వచ్చి ఆగిన చోటికి వర్తించే నియమంలో, అదే రంగు పెట్టాలి. చాలామంది పెట్టరు. ఈ ఒక్క ముక్కా నేను వెటకారంగా అనడం లేదు.

నర్సరీ సైటు అన్ని హంగులతో పూర్తయింది. యజమాని జేబులోంచి ఫోను తీసి మందారాన్ని నొక్కారు. అది ఆకుపచ్చగా మారి, వేలు తీసినా అలాగే ఉండిపోయింది. "అదొక్కటే అమ్ముదామనా?" అన్నారు. కుర్రాడు రాత్రంతా కూర్చుని, నిజంగా హోవర్ చేయగలిగే పరికరాలకే రంగు మారేలా మీడియా క్వెరీ అనే షరతులో పెట్టాడు. పొద్దున్నే ఆయన మళ్లీ ఫోనులో నొక్కి చూశారు. గులాబీ, మందారం, క్రోటన్, ఏదీ కదల్లేదు.

"మొన్నటిదాకా అన్నీ మారేవి, నిన్న ఒకటి మారింది, ఇవాళ అదీ లేదు. పని తగ్గినప్పుడు డబ్బులూ తగ్గాలి కదండీ" అన్నారు, కుర్రాడికి కాఫీ అందిస్తూ.