'ధర కోసం ఇన్‌బాక్స్‌కు రండి' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ధర కోసం ఇన్‌బాక్స్‌కు రండి' గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ స్టేటస్ అనే మూడు ఊళ్లలోనూ మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లుతున్న సంగతి రోజూ చూస్తూనే ఉన్నాం. చీర ఫొటో కింద తమరే, ఆవకాయ సీసా కింద తమరే, కంటెలూ జుంకాల కింద తమరే. ఈమధ్య ప్లాట్ల ప్రకటనల్లోనూ దర్శనమిస్తున్నారు. అక్కడ 'వివరాలకు ఫోన్ చేయండి' అని మారువేషం వేసుకున్నారు గానీ, పోలికలు దాగుతాయా?

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు పెట్టిన నాటి నుంచి కిలో వంకాయలు ఎంతో బోర్డు మీద రాస్తున్నారు. కొనేవాడూ కొననివాడూ చదువుకుని పోతాడు. వంకాయకు దక్కిన ఆ మర్యాద వెంకటగిరి చీరకు దక్కకుండా చేసిన ఘనత పూర్తిగా తమరిదే.

తమరి పనితనాన్ని దగ్గర నుంచి చూసే భాగ్యం మొన్న ఒక రీల్‌లో కలిగింది. మంగళగిరి నూలు చీర. ఆవపువ్వు రంగు ఒళ్లు, ఎర్రటి నిజాం అంచు. వెనుక వీణ మోగుతోంది. అమ్మే ఆవిడ కొంగును ముంజేతి మీద పరిచి, అంచును వేళ్ల మధ్య మడిచి చూపించి, "చాలా మెత్తగా ఉంటుందండి, చాలా నిండుగా కనిపిస్తుందండి, బ్లౌజు కూడా వస్తుందండి" అని నిమిషం సేపు చెప్పారు. నూలు కౌంటు, అంటే దారం ఎంత సన్ననిదో చెప్పే లెక్క, చెప్పలేదు. పొడవు చెప్పలేదు. ధర మాట సరేసరి, ఆ చోట తమరు కొలువుదీరి ఉన్నారు.

కింద జనం. 'ధర?', 'ఎంత అండి?', 'రేటు చెప్పండి మేడమ్'. 'ప్రైస్ ప్లీజ్' అని పూర్తిగా రాసే ఓపిక లేనివాళ్లు 'పీపీ' అని రెండక్షరాలు ఊది వెళ్లిపోయారు. ఒక్కో పీపీకీ ఆవిడ విసుగు లేకుండా జవాబు రాశారు: 'ఇన్‌బాక్స్ చూసుకోండి అండి.' వందసార్లు అదే వాక్యం. '1650' అని ఒక్కసారి పైన రాసి ఉంటే నాలుగు అంకెలతో పోయేది. కానీ అప్పుడు తమరి ఉద్యోగం పోతుంది కదా, పాపం ఆవిడ ఆ పని ఎలా చేస్తారు?

తమరిని ఆవిడకు సిఫారసు చేసినవారు ఎవరో ఊహించగలను. 'పది రోజుల్లో డిజిటల్ మార్కెటింగ్' పాఠాలు చెప్పేవారు. ధర దాస్తే జనం అడుగుతారు, అడిగితే వ్యాఖ్యలు పెరుగుతాయి, అవి పెరిగితే ఇన్‌స్టాగ్రామ్ మన రీల్‌ను ఊరంతా తిప్పుతుంది, ఇదీ వారి సూత్రం. ఆ ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో అన్నది వేరు. రీల్‌ను ఎంతసేపు చూశారు, ఎందరు లైక్ కొట్టారు, ఎందరు దాన్ని ఇంకొకరికి పంపుకున్నారు, ఈ మూడూ అన్నిటికంటే ముఖ్యమనీ, మనల్ని ఎరగనివారి దాకా వెళ్లాలంటే పంపుకోవడానికే బలం ఎక్కువనీ ఆయన చెప్పారు. ధర లేని చీరను ఎవరు ఎవరికి పంపుకుంటారు? అక్క చెల్లెలికి పంపితే చెల్లెలు అడిగే మొదటి మాట "ఎంతట?" అక్క దగ్గర జవాబు ఉండదు. ఆ సంభాషణ అక్కడితో సరి.

ఇక తమరి ఇన్‌బాక్స్ వైభవం. "నమస్తే అండి, ఆ చీర ఎంత?" అని అడుగుతాం. క్షణంలో జవాబు: "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. త్వరలో స్పందిస్తాము." అది మర మనిషి. సాయంత్రానికి మామూలు మనిషి మేలుకుని, "ఏ చీర అండి? స్క్రీన్‌షాట్ పెట్టండి" అంటారు. పెడతాం. "వాట్సాప్‌కు రండి" అంటారు. వెళతాం. "మీ పేరు, ఊరు?" అని అడుగుతారు. ఊరు దేనికో మొదట్లో అర్థం కాదు. ఫోను నంబరు ముందు +1 ఉన్న మా బంధువులావిడకూ, +91 ఉన్న నాకూ ఒకే చీరకు రెండు ధరలు వచ్చాక అర్థమైంది. సముద్రం దాటగానే అదే నూలుకు వారసత్వ సంపద హోదా వచ్చేస్తుంది! చివరికి ధర తెలిసి, సరే తీసుకుంటాను అనే వేళకు, "ఆ రంగు అయిపోయింది అండి, వేరే రంగులు పంపుతాను" అంటూ నలభై ఫొటోలు ఫోనులో కుమ్మరిస్తారు. వాటిలో ఒక్కదానికీ ధర ఉండదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. తమరు అడిగినా పెట్టరు.

ఎవరూ పైకి చెప్పని అసలు కారణానికి వస్తాను. చీర మంగళగిరిలో గుంట మగ్గం మీద పుడుతుంది. నేతగాడికి నూలు ఇచ్చి, కూలి కట్టి, నేసిన చీర తీసుకునేది మాస్టర్ వీవర్. ఆయన దుకాణంలో తీసిన ఫొటో 'రీసెల్లర్లకు మాత్రమే' అనే వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అక్కడ 1100 అనుకుందాం. గుంటూరులో ఒకావిడ దాన్ని 1350 చేస్తారు. ఆవిడ దగ్గర తీసుకునే కూకట్‌పల్లి ఆవిడ 1650 అంటారు. అక్కడి నుంచి డాలస్‌లో ఉన్న ఆడపడుచు దాన్ని డాలర్లలోకి దించుతారు. తిలాపాపం తలా పిడికెడు. ఫొటో మాత్రం ఒక్కటే. అదే చేయి, అదే గోరింటాకు, చీర కింద అదే పగిలిన గచ్చు. మూలన పేరు మాత్రం మారుతుంది, ముందు పేరు మీద పువ్వు బొమ్మ అతికిస్తారు. మూడు పేజీల్లోనూ ఒకటే మాట: 'మా సొంత మగ్గాల నుంచి నేరుగా మీ ఇంటికి.' ఇందులో ఎవరు ధర బయట పెట్టినా మిగతా ఇద్దరి గుట్టు రట్టవుతుంది. అందుకే ముగ్గురూ కలిసి తమరిని కాపలాకు పెట్టుకున్నారు.

ఆ ఆడవాళ్లను నేను తప్పుపట్టను. అడ్వాన్సు కట్టి అద్దెకు దుకాణం తీసుకునే స్తోమత లేక, వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని తొలిసారి సొంత సంపాదన చూసినవాళ్లు వారిలో చాలామంది. పార్సిల్ కట్టడం, కొరియర్ ఆఫీసు ముందు నిలబడటం, రంగు వెలిసిందని తిట్టేవారికి సమాధానం చెప్పడం అంతా పనే. ఆ పనికి మూడు వందలు వేసుకుంటే దోచుకున్నట్టు కాదు. తప్పు చేసినట్టు దాచుకోవడం నేర్పింది తమరు.

తమరి వల్ల ఎక్కువ నష్టపోయేది ఆ ఫొటోలో కనిపించనివారు. పోచంపల్లి ఇక్కత్ చీర నేయాలంటే రంగు అద్దడానికి ముందే నూలును ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి లక్ష్మికి భుజం పడిపోవడం చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు, తల్లి పేరే దానికి పెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి చీరనూ, ఆ డిజైన్‌ను మిల్లులో అచ్చు గుద్దిన బట్టనూ ఫోను తెర మీద పక్కపక్కన పెడితే నాకు తేడా తెలియదు. ఒకటి ఏడు వేలూ మరొకటి ఏడు వందలూ అని రాసి ఉంటే ఎందుకంత తేడా అని ఆగుతాను, ఆగాక చదువుతాను. తమరు రెండింటికీ ఒకే ముసుగు కప్పారు. ఇన్‌బాక్స్‌లో బేరం మొదలయ్యేసరికి అచ్చు గుద్దిన బట్ట మూడు వేలు పలుకుతుంది, నేసిన చీర మాత్రం "మరీ ఎక్కువ చెబుతున్నారు" అనిపించుకుంటుంది.

చట్టానికి తమరంటే అంత గౌరవం లేదని కూడా మనవి చేయాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు మొత్తం ధరను ఒకే అంకెలో చూపాలనీ, అందులో పన్నులెంతో డెలివరీ ఖర్చెంతో విడిగా చెప్పాలనీ అంటున్నాయి. 2023 నవంబరులో కేంద్రం 13 రకాల ఆన్‌లైన్ మాయోపాయాలను పేరుపేరునా నిషేధించింది. వాటిలో ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం ఒకటి, లేని తొందర పుట్టించడం ఇంకొకటి. మొదటిది తమరి '+ షిప్పింగ్'కు మేనత్త వరస. రెండోది 'ఒక్క పీసే ఉంది, ఇద్దరు అడుగుతున్నారు' అనే తమరి తమ్ముడు. వంటింటి గట్టు మీద వ్యాపారం దగ్గరికి అధికారులు వస్తారని నేను అనుకోవడం లేదు. కొనేవాళ్లు మాత్రం వెళ్లిపోతున్నారు. వాళ్లు ఫిర్యాదులు రాయరు, వేలితో తెరను పైకి తోసేస్తారు.

వాట్సాప్ బిజినెస్ యాప్ 2018లోనే వచ్చింది. మరుసటి ఏడాది అందులో క్యాటలాగ్ పెట్టారు, తొలి విడతలోనే మన దేశానికీ ఇచ్చారు. ప్రతి వస్తువుకూ ఫొటో, పేరు, వివరం, ధర రాసుకునే గడులు ఉంటాయి. నాకు తెలిసిన చాలా క్యాటలాగుల్లో మూడు గడులు నిండి ఉంటాయి, నాలుగోది ఖాళీ. ఇక ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, మన నంబరును ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. అంటే అక్కడ ఉన్నది దారిన పోయే జనం కాదు, పేరు రాసి మరీ మనల్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు. వాళ్లకు పొద్దున్నే ఫొటో పంపి, కింద తమరిని కూర్చోబెట్టడం ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి ఆధార్ కార్డు అడిగినట్టుంటుంది.

తెలుగువాళ్ల దగ్గర వ్యాపార పరిచయాలు పెంచుకోవడానికి క్లబ్బులూ కార్డులూ అక్కర్లేదు. కొత్త చీర కట్టుకుని ఏ పేరంటానికైనా వెళితే చాలు. బొట్టు పెట్టే లోపే "ఎంతకు తీసుకున్నావు?" అని అడుగుతారు. వెంటనే "ఎక్కడ?" అంటారు. ఈ రెండు ప్రశ్నల మీదే ఇన్నేళ్లూ మన బట్టల వ్యాపారం నడిచింది. పొడవు, నూలు కౌంటు, నేసిన ఊరు, ధర, అన్నీ ఉన్న ఫొటో ఒక్కటి పేరంటం గ్రూపులో పడితే అమ్మే ఆవిడ నిద్రపోతున్నా రాత్రి పదకొండింటికి అది తిరుగుతూనే ఉంటుంది. పొద్దున లేచి చూసుకుంటే "ఎంత?" అని అడిగేవారి బదులు "చిరునామా ఎక్కడికి పంపాలి?" అని అడిగేవారు ఉంటారు.

తమరిని ఉద్యోగం నుంచి తీసేయమని నేను అడగను. ఇంతకాలం సేవ చేశారు, బదిలీ చేస్తే చాలు. మగ్గం వర్కు బ్లౌజుల దగ్గర తమరికి నిజంగా పని ఉంది. అక్కడ పూసలెన్నో, జర్దోసీ ఎంతో, చేతులకు మాత్రమేనా వీపుకు కూడానా అన్నది తేలితే తప్ప ధర తేలదు. అక్కడైనా 'ఇంత నుంచి మొదలు' అని ఒక అంకె పక్కన పెట్టుకుని కూర్చోండి. బదిలీ ఉత్తర్వులు ఇంకా అందలేదంటారేమో, అందుకే పంపుతున్నాను. ఇన్‌బాక్స్‌లో చూసుకోండి.

ఇట్లు,
ఆవపువ్వు రంగు చీర ఇంకా కొనని ఒక శ్రేయోభిలాషి