పాత పాటకు డ్రమ్స్ వేస్తే పాపమా?

మన సంఘాల వేడుకల్లో పాత పాటకు కొత్త బీట్ వేశారంటే చాలు, పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. డ్రమ్స్ వేయడంలో తప్పేమీ లేదు. పాడే గొంతును లాక్కెళ్లి ఆ బీట్‌కు కట్టేయడమే తప్పు. అమెరికన్ గాయకులు సైమన్, గార్ఫంకెల్ జంట పాడిన ‘ద సౌండ్ ఆఫ్ సైలెన్స్’ పాట వింటే ఆ తేడా తెలుస్తుంది.

1964 మార్చిలో న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ దాన్ని రికార్డు చేసినప్పుడు ఉన్నవి కరెంటు అక్కర్లేని అకూస్టిక్ వాద్యాలు, రెండు గొంతులు. అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు. జంట విడిపోయింది, పాల్ సైమన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది బోస్టన్, ఫ్లోరిడా రేడియోల్లో ఈ పాట కాలేజీ కుర్రాళ్లకు పట్టుకుంది. నిర్మాత టామ్ విల్సన్ అది గమనించి, జూన్ 15న, తానే చేయిస్తున్న గాయకుడు బాబ్ డిలన్ రికార్డింగుకు వచ్చిన వాద్యకారుల్లో కొందరిచేత పాత టేపు మీదే ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ వాయింపించాడు. పాడినవాళ్లకు మాట మాత్రమైనా చెప్పలేదు.

అసలు చిక్కు లయ దగ్గర వచ్చింది. పాత టేపు క్లిక్ (లయ తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్) పెట్టుకుని పాడింది కాదు. చరణాన్ని బట్టి నడక కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది. గొంతును సాగదీసే సాఫ్ట్‌వేర్ అప్పట్లో ఎక్కడిది? డ్రమ్మరే తగ్గాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: మొదటి చరణంలో డ్రమ్స్ ఉండవు, రెండో చరణంలో అందుకుంటాయి, ఆ తర్వాత అక్కడక్కడ వాద్యాలు గొంతు కోసం ఆగినట్టు వెనక్కి తగ్గుతాయి. కొందరు దీన్ని లోపమంటారు. నా చెవికి ఆ పాట ఊపిరి అక్కడే ఉంది.

సెప్టెంబరులో సింగిల్ వచ్చింది, 1966 జనవరికల్లా అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. విడిపోయిన జంట మళ్లీ కలిసి హడావుడిగా కొత్త ఆల్బమ్ పూర్తి చేసింది. టేపు కంపెనీదే కావచ్చు, అయినా విల్సన్ ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అలాగని ఆయన చెవిని తక్కువ చేయలేం. ఈ పాట చరిత్రలో ఆయన పేరు ఇంకాస్త గట్టిగా వినపడాలి.

మన కుర్రాళ్లు చేస్తున్నది దీనికి తిరగేసిన పని. పాత పాటలోంచి గొంతు విడదీస్తారు, ఒకే టెంపో (లయ వేగం) పెట్టి గొంతును ముక్కలు కోసి దానికి అతికిస్తారు. దీర్ఘాలు తెగిపోతాయి, గమకం వణుకుతుంది. గొంతును కదపకండి. ప్రతి ఆవృత్తంలో (తాళం ఒక చుట్టులో) మొదటి దెబ్బ ఎక్కడ పడిందో గుర్తుపెట్టి, సాఫ్ట్‌వేర్‌లోని టెంపో గీతల్ని అక్కడికి జరపండి. పల్లవికి ముందు రెండు ఆవృత్తాల క్లిక్ వినిపించండి, లేకపోతే డ్రమ్మర్ తడబడతాడు. పాత టేపులో ప్రతిధ్వని ఎలాగూ ఉంటుంది కాబట్టి గొంతుకు మళ్లీ రివర్బ్ వేయకండి, మాట మసకబారుతుంది.