స్క్రమ్‌లో మూడో నంబరు ఎందుకంత ఖరీదు?

2023 రగ్బీ ప్రపంచకప్ సెమీఫైనల్లో ఒక్క ట్రై (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి నేలకు ఆనించడం) కూడా ఇవ్వకుండా దక్షిణాఫ్రికాకు చుక్కలు చూపించి ఉంటే ఇంగ్లండ్ ఫైనల్ చేరేదే. చివరి పావుగంటలో ట్రై ఇచ్చింది సరే, అప్పటికీ 15-13తో ముందే ఉంది. ముంచింది మాత్రం 77వ నిమిషంలో స్క్రమ్, అంటే రెండు జట్ల ఎనిమిదేసి మంది తలలు వంచి కట్టుబడి తోసుకునే చోటు. బెంచ్ నుంచి వచ్చిన దక్షిణాఫ్రికా ముందు వరుస ఆటగాడు ఆక్స్ ఎన్‌చే ఇంగ్లండ్ స్క్రమ్‌ను విరగ్గొట్టాడు, రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, ఆ జట్టు కిక్కర్ పొలార్డ్ దాదాపు సగం మైదానం దూరం నుంచి కొట్టాడు. 16-15.

స్క్రమ్ అంటే ఆట తిరిగి మొదలుపెట్టే పద్ధతి అని నిబంధనల పుస్తకం చెబుతుంది. అంతర్జాతీయ స్థాయిలో మాత్రం అది పెనాల్టీలు పండించే చోటు. ఆ పని ప్రధానంగా తేలేది టైట్‌హెడ్ ప్రాప్ దగ్గర, అంటే 3వ నంబరు దగ్గర. ముందు వరుసలో ముగ్గురు: ఎడమన లూజ్‌హెడ్ ప్రాప్, మధ్యన హుకర్, కుడిన టైట్‌హెడ్. లూజ్‌హెడ్ తలకు ఎడమ పక్క ఖాళీ. టైట్‌హెడ్ తల ఎదుటి లూజ్‌హెడ్‌కూ హుకర్‌కూ మధ్య ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా బరువు పడుతుంది. అందుకే రెండో వరుసలోని ఇద్దరు లాక్‌లలో బరువైనవాణ్ణి చాలా జట్లు అతని వెనకే నిలబెడతాయి.

2013లో రిఫరీ పిలుపు ‘క్రౌచ్, బైండ్, సెట్’ (వంగు, పట్టుకో, కలువు) వచ్చాక దూరం నుంచి ఢీకొట్టే బలానికి విలువ తగ్గింది, పట్టుకీ పాదాలకీ పెరిగింది. పాదాలు మరీ వెనక్కి పోతే ఒళ్లు సాగిపోయి, ఎదుటివాడు కాస్త తగ్గగానే ముఖం నేలకు తగులుతుంది. మరీ ముందుకు వస్తే నడుం మడతపడి తోసే బలమే ఉండదు. భుజాలు తుంటి కంటే కిందికి దిగకూడదు. లూజ్‌హెడ్ ఎడమ మోచేయి నేల వైపు వాలిందంటే ఎదుటివాణ్ణి కిందికి లాగుతున్నాడని అనుమానించాలి. టైట్‌హెడ్ తుంటి పక్కకు తిరిగిందంటే హుకర్ మీదికి అడ్డంగా దూరుతున్నాడని. కూలిన స్క్రమ్‌లో తప్పెవరిదో రిఫరీ కూడా చాలాసార్లు ఊహించే చెబుతాడు. అందువల్ల మొదటి రెండు స్క్రమ్‌లలో పడే అభిప్రాయం మ్యాచంతా పనిచేస్తుంది.

2019 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ టైట్‌హెడ్ సింక్లర్ మూడో నిమిషంలోనే తలకు దెబ్బ తగిలి వెళ్లిపోయాడు. మిగతా మ్యాచంతా డాన్ కోల్ మోయాల్సి వచ్చింది. ఎదురుగా మొదట దక్షిణాఫ్రికా లూజ్‌హెడ్ మ్‌టవారిరా, అతను అలసేలోపే కొత్త ఊపిరితో కిట్‌షాఫ్. పొలార్డ్ ఆరు పెనాల్టీలు కొట్టాడు, దక్షిణాఫ్రికా 32-12తో గెలిచింది.

23 మందిలో ముందు వరుసకు ముగ్గురు ప్రత్యామ్నాయాలు తప్పనిసరి. ఆ ముగ్గురూ మొదటివాళ్లతో సమానమైతేనే బెంచ్‌కు అర్థం. పొదుపు చేస్తే ఏమవుతుందో 2023 ఫైనల్లో దక్షిణాఫ్రికాకే తెలిసింది: హుకర్ ఎంబొనాంబి మొదట్లోనే గాయపడితే, ఎక్కువగా మూడో వరుసలో ఫ్లాంకర్‌గా ఆడే ఫూరీ హుకర్‌గా నిలబడ్డాడు, లైనౌట్లు (పక్క గీత నుంచి హుకర్ బంతి విసిరే సందర్భాలు) తడబడ్డాయి. 12-11తో గట్టెక్కారు.

2024లో, చిన్న తప్పులకు దొరికే ఫ్రీకిక్‌కు బదులు స్క్రమ్ ఎంచుకునే వీలు తీసేశారు. స్క్రమ్ పెనాల్టీలనూ తగ్గించాలనే వాదన వినిపిస్తోంది. అది తప్పుదారి. రెండు జట్ల ఎనిమిదేసి మంది ఒకచోట కట్టుబడి, డిఫెన్స్ బ్యాక్‌లు అయిదు మీటర్లు వెనక్కి నిలబడటం వల్లే మైదానంలో ఖాళీ దొరుకుతోంది. స్క్రమ్ బెదిరింపు పోతే కోచ్‌లు ప్రాప్‌ల స్థానంలోనూ పరుగెత్తే ట్యాక్లర్లనే దింపుతారు, ఆ ఖాళీ కాస్తా మూసుకుపోతుంది. విసుగు నిజానికి కూలిన స్క్రమ్‌ను మళ్లీ కట్టే రీసెట్లలో కరిగిపోయే కాలం మీద. ఆ సేపు గడియారం ఆపితే చాలు.