మా ఊరి పెద్ద మోరీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పెద్ద మోరీ గారి సముఖానికి, వరంగల్ జిల్లాలోని ఒక చిన్న గ్రామ నివాసి నమస్కరించి రాయునది.

సీసీ రోడ్డు పడిన నాటి నుండి దాని పక్కనే పారుతూ, చుక్క నీటినైనా శుద్ధి చేయకుండానే ఊరి మురుగునీటి వ్యవస్థగా చలామణి అవుతున్న తమకు ముందుగా అభినందనలు. మంజూరైన సొమ్ము ఎక్కడ అయిపోయిందో తమ సిమెంటు గోడలూ అక్కడే ఆగిపోయాయి. అక్కడి నుండి చెరువు దాకా దారిని తమరు స్వయంకృషితో కోసుకున్నారు.

తమ పోషణకు లోటు లేదు. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నీటిని లెక్కగట్టింది. అందులో సుమారు 80 శాతం మురుగై బయటికి వస్తుందని ఇంజనీర్ల అంచనా గనుక, 2,000 మంది ఉన్న ఊరు తమకు దినమూ 1,60,000 లీటర్లు సమర్పించుకోగలదు. నల్లా వచ్చినప్పుడు పండుగ చేసుకున్న మేము, ఆ నీళ్ళు వాడాక ఎటు పోతాయని అడగడం మాత్రం అపశకునంగా భావించాం.

అడుగున మడ్డిని నిలిపి, పైతేటను ఇంకుడు గుంతకు పంపవలసిన సెప్టిక్ ట్యాంకులు, మా ఊళ్ళో గుంత ఖర్చు మిగుల్చుకుని, గొట్టాన్ని నేరుగా తమలోకే వంచాయి. రెండు మూడేళ్ళకొకసారి మడ్డి తీయించాలన్నది నియమం, పొంగేదాకా మూత ఎత్తకపోవడం ఆచారం. ఒక గుంత నిండగానే రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని ఏడాది రెండేళ్ళు మూసి ఉంచితే ఎరువయ్యే జంట గుంతల మరుగుదొడ్డి చవకే. కానీ ట్యాంకు ఎంత పెద్దదైతే ఇల్లు అంత గొప్పదనుకునే చోట, ఆ చిన్న గుంతలకు మర్యాద ఎక్కడిది?

తమ ఉద్యోగానికి ఎసరు పెట్టగల ప్రత్యర్థి ఒకరున్నారని విన్నవించుకుంటున్నాను. చెరువుకు ఈవలనున్న పంచాయతీ జాగాలో మడ్డి పేరుకునే తొట్టి ఒకటి, దాని వెనుక కంకర నింపి మెట్టతామర, జమ్ము నాటిన మడి ఒకటి కట్టుకుంటే, నీరు వాలును పట్టి తానే కదులుతుంది, రాళ్ళనూ వేళ్ళనూ అంటుకున్న సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. జాగా ఇంకా ఉంటే వరుసగా కుంటలు తవ్వి మిగతా పనిని ఎండకు వదలవచ్చు. మా వైపు ఎండకేం కొదవ! వచ్చే నీరు తాగడానికి కాదు గాని, చెట్లకు సరిపోతుంది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. చవక కావడమే దాని మహాపరాధం: మీట నొక్కి ప్రారంభించడానికి యంత్రమైనా లేని పనికి కొబ్బరికాయ కొట్టేదెవరు? దానికి కావలసిందల్లా గడ్డి కోసి, తొట్టి మడ్డిని ఎప్పటికప్పుడు తీయించే మనిషి, అతనికి నెలనెలా జీతం. శిలాఫలకానికి పద్దు ఉంటుంది, గడ్డికోతకు ఉండదు.

కాకతీయుల కాలం నుండీ మా ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు. మత్తడి దూకిన నీరు కింది ఊరి చెరువుకు చేరుతుంది. కనుక తమ ఖ్యాతి మా పొలిమేరతో ఆగదు. సద్దుల బతుకమ్మ నాడు ఆడబిడ్డలు ముక్కు మూసుకుని పూలను సాగనంపేది కూడా తమరు నింపిన ఆ నీటిలోకే.

వచ్చే గ్రామసభలో తమ గోడలను చెరువు దాకా పొడిగించాలని తీర్మానం పెడతారట. ఆ సభకు తమరే దయచేసి, పంచాయతీ జాగాలోనే ఆగిపోతానని స్వయంగా మనవి చేసుకోవలసిందిగా కోరుతున్నాను. మేము అడిగితే, ఆ జాగా మీద కన్నేసిన పెద్దలకు కోపం వస్తుంది.

ఇట్లు,
తమ నిత్య దాత