తోడు లేనిదే కదలలేని విద్యార్థికి గోప్యత ఎలా?

క్వీర్ విద్యార్థులకు, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వంటి వాళ్లకు, ఎవరైనా చెప్పే మొదటి జాగ్రత్త: నమ్మకం కుదిరేదాకా ఎవరికీ చెప్పకు. చూపు లేని, వినికిడి లేని, వీల్‌చైర్‌లో తిరిగే క్వీర్ విద్యార్థికి అది పాటించడమే కష్టం. ఫోన్ చదివి పెట్టేది చెల్లె, సైగలు తెలిసింది అమ్మకు, బస్సెక్కించేది అన్న. దాచుకోవాలన్నా కాసేపు ఒంటరిగా ఉండే వీలుండాలి కదా.

సపోర్ట్ గ్రూపులు, ప్రైడ్ నడకలు (క్వీర్ వాళ్ల ఊరేగింపులు) ఎక్కువగా హైదరాబాద్‌లోనే. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు. పల్లెవెలుగు మెట్లెక్కించే మనిషికి ఎక్కడికి పోతున్నామో చెప్పక తప్పదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు ఇచ్చింది. సీటొచ్చాక తోడెవరన్నది మాత్రం ఇంటివాళ్లకే వదిలేశాం. కుటుంబంతో సంబంధం లేని రీడర్‌నో (చదివి పెట్టే మనిషినో), సైగల భాష తెలిసిన మనిషినో కాలేజీ పెట్టకపోతే మిగతా కౌన్సెలింగ్ అంతా పైపై ముచ్చటే.

ఫోన్ సంగతి చూడండి. చూపు లేనివాళ్లకు తెర మీదున్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం టాక్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే లాక్ స్క్రీన్ మీదికొచ్చిన మెసేజ్‌ను కూడా పైకి చదివేస్తుంది. నలుగురుండే హాస్టల్ గదిలో గుట్టు బయటపడడానికి అదొక్కటి చాలు. నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ మీద మెసేజ్ విషయం కనబడకుండా పెట్టాలి. టాక్‌బ్యాక్ మెనూలో 'హైడ్ స్క్రీన్' నొక్కితే తెర నల్లబడుతుంది, ఫోన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి, రెండో చెవి చుట్టుపక్కల అలికిడికి కావాలి. కంప్యూటర్ క్లాసులో ఇవన్నీ ఒక్క పూటలో నేర్పొచ్చు.

ట్రాన్స్ విద్యార్థికి కాగితాల తిప్పలు అదనం, అదీ చాలావరకు వరుస తప్పడం వల్లే. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం ముందు, తర్వాత ఆధార్, ఆ తర్వాతే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, బ్యాంకు ఖాతా. పాత పేరుతో యూడీఐడీ తీసుకుని తర్వాత ఆధార్ మార్పించుకుంటే రెండూ కలవవు, స్కాలర్‌షిప్ అక్కడే ఆగుతుంది. ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు పదో తరగతి మెమోతో సహా అధికారిక పత్రాలను అర్జీ పెట్టిన 15 రోజుల్లో మార్చాలన్నాయి. నోటిమాటగా అడిగితే ఆ గడువు మొదలే కాదు, రాసిచ్చి రసీదు తీసుకోవాలి. పరీక్ష ఫీజు కట్టాక మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు. హాల్‌టికెట్ మీద ఒక పేరు, కార్డు మీద ఇంకో పేరు ఉంటే స్క్రైబ్ (పరీక్ష రాసిపెట్టే మనిషి) అనుమతికీ చిక్కే.

గే, లెస్బియన్ విద్యార్థులకు ఈ కార్డుల గొడవ లేదు. వాళ్లకు అడ్డం 'వికలాంగులకు ప్రేమలెందుకు' అనే మాట. క్లాసులో ఎంత చనువున్నా ఆ మాటొక్కటి పడితే పిల్లలు నోరు కట్టేసుకుంటారు.

ఇక టాయిలెట్. గ్రౌండ్ ఫ్లోర్‌లో 90 సెంటీమీటర్ల తలుపుతో, ఆడ మగ బోర్డు లేకుండా ఒక్క గది ఉంటే వీల్‌చైర్ విద్యార్థి, ట్రాన్స్ విద్యార్థి ఇద్దరి అవసరమూ తీరుతుంది. దాంట్లో విరిగిన బెంచీలు పడేసి తాళం వేస్తే లాభమేముంది? తాళంచెవి అటెండర్ దగ్గరుంటే, అడిగిన ప్రతిసారీ ఆ విద్యార్థి అందరి ముందూ ఎందుకో చెప్పుకోవాలి.